రికార్డు రాయమంటే వ్యాసం వస్తోంది. టైటన్ మీద ఊరికి దస్త్రాలు రాసేదెలా?

సీరం_ట్యూబు అడిగిన ప్రశ్న:

మేం ఆరుగురం కలిసి ఒక సైన్స్ ఫిక్షన్ లోకం కడుతున్నాం. పోయిన దసరాకి మొదలైంది. శనిగ్రహం చుట్టూ తిరిగే టైటన్ మీద, ఉత్తరాన క్రాకెన్ మారే అనే మీథేన్ సముద్రం ఒడ్డున ఒక ఊరు. పేరు ఉత్తరగట్టు. నాలుగు తరాలుగా జనం అక్కడే పుట్టి అక్కడే పోతున్నారు. మేం పెట్టుకున్న నియమం ఒక్కటే: కథలు రాయకూడదు. ఆ ఊరి రికార్డు గదిలో దొరికే కాగితాలు మాత్రమే రాయాలి. రిజిస్టర్లు, నోటీసులు, విచారణ నివేదికలు, ఎవరో ఎవరికో రాసిన ఉత్తరాలు, అంతే. చదివేవాళ్లే వాటిని కలుపుకుని కథ అల్లుకోవాలి. ఎస్‌సీపీ ఫౌండేషన్, ఒరైయన్స్ ఆర్మ్ లాంటివి (ఇంటర్నెట్లో చాలామంది కలిసి రాసుకునే కల్పిత లోకాలు) చదివినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు.

నా వంతుకి మూడో పంపుహౌస్ ప్రమాదం వచ్చింది. రెండు వారాలు కూర్చుని రాశాను. మా ఎడిటర్ (మాలో ఒకడే, వాడికా పేరు పెట్టి మేమే చెడగొట్టాం) ఒక్క ముక్కలో తిప్పి పంపాడు: "ఇది వికీపీడియా పేజీ. దస్త్రం కాదు."

కోపం వచ్చింది కానీ మళ్లీ చదువుకుంటే నాకూ అలాగే అనిపించింది. నా మొదటి వాక్యం ఇది: "శని ఉపగ్రహాల్లో అతి పెద్దదైన టైటన్ ఉపరితలంపై ఉష్ణోగ్రత మైనస్ 179 డిగ్రీలు ఉంటుంది." మా తమ్ముడు అది చూసి, "అక్కడ పుట్టినవాడికి అది ఎవరన్నా చెప్తారా? మన ఆధార్ కార్డు మీద భూమి గుండ్రంగా ఉంటుందని రాశారా?" అన్నాడు. వాడన్నది నిజమే. కానీ చెప్పకపోతే చదివేవాళ్లకి తెలిసేదెట్లా?

రెండో గోల భాష. ఎస్‌సీపీలో దాదాపు ప్రతి దస్త్రం ఆ వస్తువును ఎలా బంధించి ఉంచాలో చెప్పే విధానంతో మొదలవుతుంది. ఇంగ్లీషులో అది చదువుతుంటే వెన్ను జలదరిస్తుంది. అదే వరసలో తెలుగులో "ప్రత్యేక నియంత్రణ విధానాలు" అని రాస్తే ఫ్రిజ్‌తో పాటు వచ్చే పుస్తకంలా తయారైంది. భయం లేదు సరికదా, గ్యారంటీ కార్డు ఎక్కడుందా అని వెతుక్కోవాలనిపించింది.

మూడోది తేదీలు. టైటన్ మీద ఒక పగలూ రాత్రీ కలిపితే మన లెక్కలో దాదాపు 16 రోజులు. శని సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి 29 ఏళ్లు పైనే. "12వ తేదీ ఉదయం" అని రాస్తే ఏ ఉదయం?

నాలుగోది, మా వాళ్లే ఒకరికొకరు అడ్డం పడుతున్నారు. నా కాగితంలో ప్రమాదంలో పోయినవాళ్లు 9 మంది. ఇంకొకావిడ రాసిన ఉత్తరంలో 11 మంది. ఎవరిది దిద్దాలని నెల రోజులుగా గ్రూపులో పంచాయితీ.

నేను రచయిత్రిని కాను. ఒంగోల్లో ఒక ల్యాబులో టెక్నీషియన్‌ని. నైట్ డ్యూటీలో శాంపిళ్లు లేనప్పుడు రాసుకుంటాను. రోజంతా రిజిస్టర్లు నింపే మనిషికి ఒక రిజిస్టర్ పేజీ రాయడం ఇంత కష్టమైందేమిటో అర్థం కావడం లేదు. ఎవరైనా ఇలాంటివి రాసి ఉంటే చెప్పండి.

మానేరు_గట్టు:

అక్కా, ముందు ఎస్‌సీపీ అచ్చును పక్కన పెట్టండి. 2007లో ఇంటర్నెట్ల ఒక ఇంగ్లీషు బోర్డు మీద ఎవరో పెట్టిన ఒక్క పోస్టుతో మొదలై, 2008లో సొంత వికీ అయింది అది. రహస్యమని మాటల్ని కప్పేసే నల్ల గీతలు, క్లాసులు, నంబర్లు ఆ లోకానికి నప్పుతాయి. ఎందుకంటే అక్కడ కాగితం రాసేది ఒక రహస్య సంస్థ. మీది ఊరు. ఊరి కాగితంల నల్ల గీతలెందుకు?

లైసెన్సు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఎస్‌సీపీ రాతలన్నీ క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ 3.0 కింద ఉంటాయి. అందులోది వాడుకుంటే పేరు చెప్పాలి, మీ రాతను కూడా అదే లైసెన్సు కింద వదలాలి. బొమ్మల దగ్గర ఇంకా జాగ్రత్త. వాళ్ల మొట్టమొదటి దస్త్రానికి పెట్టిన ఫోటో ఇజుమి కాటో అనే జపాన్ శిల్పి చేసిన బొమ్మది. అడగకుండా వాడుకున్నారు. 2022ల అది తీసేశారు. మీరు ఆరుగురే కదా అని ఊకుంటే రేపు అరవై మందైనంక తల పట్టుకోవాలె.

భయం గురించి ఒక మాట. మన పాత శాసనాల చివర శాపం ఉంటది చూడండి, ఈ ధర్మం చెడగొట్టినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని. మీ పంపుహౌస్ గోడ మీద "నియంత్రణ విధానం" వద్దు. "ఈ వాల్వు విప్పినవాడు తన పిల్లల ఊపిరి తీసిన పాపాన పోతాడు" అని ఒక రేకు కొట్టి పెట్టండి. తెలుగుల అంతకంటే హెచ్చరిక ఏముంటది?

పాత_అడంగల్:

అమ్మా, నేను కథలు రాసినవాణ్ని కాను. రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను, అందులో పదకొండేళ్లు రికార్డు గదిలోనే. మా మనవడు ఈ పేజీ చూపించి "తాతా, ఇది నీ సబ్జెక్టు" అన్నాడు. కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

మీ కాగితంలో నాకు కనబడిన మొదటి లోపం ఏమిటంటే, అది ఎవరు ఎవరి కోసం రాశారో తెలియడం లేదు. రికార్డు తనంతట తాను పుట్టదమ్మా. పైవాడు అడిగితే కిందివాడు రాస్తాడు. శిస్తు కోసం అడంగల్ (ఏ పొలం ఎవరిది, అందులో ఏ పంట ఉందో రాసే పుస్తకం), తగువు కోసం పంచనామా, పెన్షన్ కోసం ధ్రువపత్రం. రాసేవాడి మనసులో ఎప్పుడూ రెండే ఉంటాయి: అడిగినదానికి జవాబు చెప్పాలి, తన మెడకు చుట్టుకోకూడదు. మీ ప్రమాదం కాగితం రాసింది పంపుహౌస్ గుమస్తా అయితే ఒక రకంగా ఉంటుంది. బీమా వాళ్ల కోసం అయితే ఇంకో రకం. చనిపోయినవాడి భార్య పెట్టుకున్న అర్జీ అయితే మరీ వేరు. అది తేల్చుకుంటే చలి సంగతి చెప్పాలా వద్దా అన్న ప్రశ్నే రాదు. ఆ భార్య "ఆయనకి ఇచ్చిన చేతి తొడుగుల గడువు తీరి రెండేళ్లయింది" అని రాస్తుంది. చలి అందులోనే ఉంది కదా.

రెండోది రిమార్కుల గడి. అడంగల్లో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, పంట, ఇవన్నీ పోగా చివర ఒక చిన్న గడి ఉంటుంది. కథంతా అక్కడే. నేను చూసిన ఒక పాత పుస్తకంలో ఒక రైతు పేరు ఎదురుగా వరసగా ఐదు ఫసలీలు (రెవెన్యూ లెక్కలో ఐదేళ్లు) "ఊళ్లో లేడు" అని ఉంది. ఆరో ఫసలీలో ఇద్దరు ఆడవాళ్ల పేర్లు, పక్కన "వారసులు". అంతే. ఆయన ఎటు పోయాడో, ఎలా పోయాడో ఎక్కడా లేదు. ఆ పేజీ మూసి ఇంటికి వెళ్లాక కూడా నాకు అన్నం సహించలేదు. అదే విషయాన్ని కరణం నాలుగు పేజీలు వర్ణించి రాసి ఉంటే నేను సగంలో ఆపేసేవాణ్ని.

తప్పు పడితే చెరపకూడదు. పాత అక్షరం కనబడేటట్టు ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొడి అక్షరాల సంతకం పెట్టాలి. ఏది కొట్టేశారో కనబడుతుంది, ఎవరు కొట్టేశారో తెలుస్తుంది, ఎందుకో మాత్రం ఉండదు. మీకు నల్ల గీతల కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది.

ఇక భాష. మీరు సంస్కృతం ఎక్కించి రాస్తున్నట్టున్నారు. అసలు దఫ్తరం తెలుగు అలా ఉండదు. జమాబందీ, దస్తావేజు, రివాజు, ఇనాం, బంజరు: నవాబుల నాటి మాటలు కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) వాళ్లకి వచ్చాయి, వాళ్ల దగ్గర్నుంచి మాకు వచ్చాయి. పాలించినవాళ్లు మారినా ఫారం మారలేదు. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. ఇప్పటికీ "కరణం గారి లెక్కల్లో ఏముందో చూడండి" అంటారు జనం. మీ టైటన్ ఊళ్లో కూడా అర్థం చచ్చిపోయి మాట మాత్రం బతికున్నవి నాలుగైదు పెట్టుకోండి. అక్కడ వర్షాకాలం మనలా ఉండదని మా మనవడు చెప్పాడు. అయినా వాళ్లు ఏదో ఒక పద్దుని "తొలకరి పద్దు" అంటూ ఉండవచ్చు, ఎందుకంటారో వాళ్లకే తెలియకుండా.

తేదీకి నేను చెప్పే మందు ఫసలీ. అది పంట లెక్క కోసం పుట్టిన సంవత్సరం. జూలై 1న మొదలవుతుంది. 2023 జూలై నుంచి 2024 జూన్ దాకా 1433 ఫసలీ. పండక్కీ పెళ్లికీ ఎవరూ దాన్ని వాడరు, ఆఫీసు కోసమే బతికింది. మీ ఊరికి దేని లెక్క ముఖ్యం? ఆక్సిజనా, మీథేనా, భూమి నుంచి వచ్చే ఓడలా? దాని చుట్టూనే వాళ్ల సంవత్సరం కట్టండి. ఓడ వచ్చినప్పుడల్లా కొత్త పద్దు తెరుస్తారనుకోండి, "ఏడో ఓడ, నలభయ్యో షిఫ్టు" అంటే చాలు. ఉదయమా సాయంత్రమా అనే బెడద ఉండదు.

9 మందా 11 మందా అన్న తగువు గురించి. దయచేసి రెండూ ఉంచండి! కుంఫిణీ సర్వేయరు కాలిన్ మెకంజీ తరఫున కావలి సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా తిరిగి కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించారు, రెండు వందల ఏళ్ల కిందట. తర్వాత బ్రౌను దొర వాటికి నకళ్లు తీయించాడు. నేను రిటైరయ్యాక వాటి మీద పడ్డాను. ఒక ఊరి కరణం చెప్పినదానికీ పక్క ఊరి కరణం చెప్పినదానికీ పొంతన ఉండదు. ఊరి పేరు ఏదో ఋషి పెట్టాడంటూ మొదలుపెట్టి, గుడికి ఎన్ని కుచ్చెళ్ల మాన్యం ఉందో దగ్గరికి వచ్చేసరికి ఎక్కడలేని జాగ్రత్తా వస్తుంది. అడిగేవాడు కుంఫిణీ మనిషి కదా, ఇనాం ఊడగొడతాడేమోనని భయం అయ్యుంటుందని నేను అనుకుంటాను. మీ 9కీ 11కీ మధ్య ఉన్న ఆ ఇద్దరూ ఎవరికి లెక్కలోకి రాలేదో, ఎందుకు రాలేదో ఆలోచించండి. కూలీలా? జీతం పట్టీలో లేనివాళ్లా? ఇది మీ గ్రూపులో పంచాయితీ పెట్టి తేల్చుకునేది కాదమ్మా, ఆ ఊళ్లోవాళ్లు కొట్టుకోవలసింది.

చివరిగా, మీరు ల్యాబులో రిజిస్టరు రాస్తారన్నారు. అందులో రిమార్కుల గడిలో ఏం రాస్తుంటారు?

అర్ధరాత్రి_చదువరి:

పెద్దాయన చెప్పింది బాగుంది కానీ ఒక్క హద్దు ఉండాలి. మనుషులు చెప్పేవి ఎంతైనా పొంతన తప్పొచ్చు. భౌతికశాస్త్రం తప్పకూడదు. ఒరైయన్స్ ఆర్మ్ వాళ్లు 2000 నుంచి వందలకొద్దీ పేజీలు రాసుకొచ్చి కూడా కాంతి కంటే వేగంగా ఎవరూ వెళ్లకూడదన్న గీత దాటలేదు. అందుకే అంత మంది చేతులు పడినా ఆ లోకం కూలలేదు. అన్నట్టు వాళ్ల క్యాలెండరు మనిషి చంద్రుడి మీద దిగిన 1969 జూలై 20 నుంచి మొదలవుతుంది. ఫసలీకి బంధువే.

సీరం_ట్యూబు గారూ, మీ ప్రమాదంలో ఏం జరుగుతుందో చెప్పలేదు. మంటలని మాత్రం రాయకండి. టైటన్ గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్, మిగిలింది మీథేన్. ఆక్సిజన్ లేదు. సముద్రం నిండా ఇంధనం ఉన్నా అగ్గిపుల్ల వెలగదు.

సీరం_ట్యూబు:

అయ్యో. మంటలే రాశాను. ఒకటిన్నర పేజీ మంటలు!

అర్ధరాత్రి_చదువరి:

పారేయకండి, తిరగేయండి. మన దగ్గర గ్యాస్ లీకైతే మంట. అక్కడ మనం పీల్చే ఆక్సిజన్ బయటికి లీకైతే మంట. ఆ ఊళ్లో తల్లి పిల్లాడికి "స్టవ్ దగ్గరికి పోకు" అని చెప్పదు, "ఊపిరి గొట్టం దగ్గరికి పోకు" అంటుంది.

ఇంకో రెండు. అక్కడ గాలి ఒత్తిడి మనకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. చంద్రుడి మీదలా గోడకు చిల్లు పడగానే గాలి భళ్లున పోదు. నెమ్మదిగా, ఎవరూ గమనించకుండా కారుతుంది. బరువు మన దగ్గరున్నదానిలో ఏడో వంతు. 50 కిలోల సిలిండరు చేతికి 7 కిలోల లాగా తగులుతుంది. ఒక్క మనిషి చంకన పెట్టుకుని నడిచిపోగలడు. దొంగతనానికి తోడు అక్కర్లేదు.

సీరం_ట్యూబు:

రెండు రోజులు జవాబు రాయలేదు, క్షమించండి. డ్యూటీలు, మధ్యలో మా పాపకు జ్వరం.

పాత అడంగల్ బాబాయ్ గారూ, మీ ప్రశ్న చదివి రాత్రి మా రిజిస్టరు తీసి చూశాను. రిమార్కుల గడిలో నేనే రాసినవి ఇవి: "రక్తం హీమోలైజ్ అయింది, మళ్లీ తీయాలి." "ఫాస్టింగ్ అన్నారు, టీ తాగారట." "రిపోర్టు కొడుకు చేతికి ఇవ్వొద్దన్నారు." "రిపోర్టు తీసుకోవడానికి ఎవరూ రాలేదు." ఆ చివరిది మూడు వారాలు వరసగా ఒకే పేరు ఎదురుగా ఉంది. ఆ మూడుసార్లూ రాసింది నేనే. రాసేటప్పుడు ఏమీ అనిపించలేదు.

తర్వాత ఆ పక్కనే ఖాళీ కాగితం మీద ఇది రాశాను. పాత తొమ్మిది వందల మాటల వ్యాసం తీసేశాను. మంటలన్నీ పోయాయి.

ఉత్తరగట్టు. మూడో పంపుహౌస్. ఊపిరి బుడ్ల లెక్క పుస్తకం. ఏడో ఓడ. మొత్తం బుడ్లు 20.

షిఫ్టు 38. నిండువి 14, ఖాళీవి 6. సరిపోయింది.
షిఫ్టు 39. నిండువి 14, ఖాళీవి 6. సరిపోయింది.
షిఫ్టు 40. నిండువి 13, ఖాళీవి 6. ఒకటి తక్కువ. తొలి షిఫ్టు అతన్ని అడగాలి.
షిఫ్టు 41. నిండువి 13, ఖాళీవి 7. సరిపోయింది. (చేతిరాత వేరు)
షిఫ్టు 42. నిండువి 12, ఖాళీవి 7. అడిగాను. తనకు తెలియదన్నాడు. తొడుగు లేకుండా వచ్చాడు, చేతులు చూపించలేదు.
షిఫ్టు 43. నిండువి 12, ఖాళీవి 8. సరిపోయింది. (చేతిరాత వేరు)
షిఫ్టు 44.
షిఫ్టు 45.
షిఫ్టు 46. ఇక మీదట కొత్త పుస్తకంలో చూడవలెను. మొత్తం బుడ్లు 0.

మొదట "అతని చేతులు మంచు కొరికి నల్లబడ్డాయి" అని రాశాను. తర్వాత గుమస్తా అంత దూరం చూడడనిపించి కొట్టేశాను. ఒక్క గీతే కొట్టాను, బాబాయ్ గారు చెప్పినట్టు. ఆ గీత కూడా కాగితంలో ఉంచనా, తీసేయనా?

పాత_అడంగల్:

గీత ఉంచండి. పక్కన పొడి అక్షరాల సంతకం మాత్రం గుమస్తాది కాకుండా చూడండి.

ఒక్క చిన్న మాట. "మొత్తం బుడ్లు 0" బాగుంది కానీ ఏ గుమస్తా అలా రాయడు. పోయిన సరుకుని సున్నా అని చూపిస్తే జవాబు చెప్పాల్సింది వాడే. "మొత్తం బుడ్లు: వేరే పద్దు చూడుము" అంటాడు. ఆ వేరే పద్దు ఎక్కడా ఉండదు.

మానేరు_గట్టు:

అక్కా, "బుడ్లు" భలే ఉంది. ఇంకొకటి చూడండి. మా దిక్కు పొలం గుంటల్లో చెప్తరు, ఎకరానికి 40. మీ దిక్కు సెంట్లు, ఎకరానికి 100. మనిషి ఏ కొలత వాడిండో చూస్తే ఎక్కడోడో చెప్పొచ్చు. మీ వేరే చేతిరాత ఆయన కొలత కూడా వేరే పెట్టండి. గుమస్తా బుడ్లు లెక్కపెడితే ఆయన గంటలు లెక్కపెట్టాలె: "రెండు బుడ్లు, పద్దెనిమిది గంటలు". అప్పుడు ఆయన ఊపిరి ఎవరి కోసం తీసుకుపోతున్నడో చదివేటోళ్లే లెక్క కట్టుకుంటరు.

సీరం_ట్యూబు:

ఇది చదివి ఒళ్లు జలదరించింది. 9 మంది, 11 మంది. లెక్కలో లేని ఆ ఇద్దరికీ ఆ రెండు బుడ్లూ.

సున్నా తీసేశాను. గీత ఉంచాను. రాత్రి గ్రూపులో పెట్టాను. మా ఎడిటర్ పొద్దున్న ఐదింటికి చూసినట్టున్నాడు. బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. "షిఫ్టు 41 చేతిరాత ఎవరిదో నేను రాస్తాను, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు" అని పెట్టాడు. 11 మంది అని రాసినావిడ దాని కింద, "అది మా ఉత్తరంలో మనిషి. నేను రాస్తాను" అంది. ఇప్పుడు మళ్లీ పంచాయితీ.